రాత్రిపూట బెడ్రూంలో సన్నగా పాటలు వినడానికి ఏ వైర్‌లెస్ స్పీకరు మంచిది?

కిమిడి_శారద
మాది పర్లాకిమిడి. రాత్రి పనంతా అయ్యాక పడుకునేముందు కాసేపు పాటలు వింటాను, ఎక్కువ వీణ, వయొలిన్, పాత సినిమా పాటలు. ఇప్పుడున్న బ్లూటూత్ స్పీకరుతో విసుగొచ్చీసింది. వాల్యూమ్ ఒక్క గీత పెడితే పక్కగదిలో అత్తయ్యగారికి వినిపించీస్తాది, ఇంకా తగ్గిద్దామంటే కింద ఇంకేటీ లేదు, సున్నాయే. పోనీ ఆ ఒక్క గీత మీదే విన్నా పాటలో సారం ఉండదు, మృదంగం ఎటుపోతాదో తెలీదు, గొంతు ఒక్కటే రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వస్తాది. పైగా ఆన్ చెయ్యగానే "కనెక్టెడ్" అని ఓ అరుపు, అప్పుడే పడుకున్న మా గుంటడు లేచి కూర్చుంటాడు.

బడ్జెట్ పది వేలు, బాగా నచ్చితే పన్నెండు. గది చిన్నదే, పది బై పన్నెండు. ఫోన్ నుంచి నేరుగా ప్లే అవ్వాలి, వైర్లు వద్దు. యూట్యూబులో ఏ రివ్యూ చూసినా బేస్ అదిరిపోయింది, మేడ మీద పెడితే వీధి చివర వరకు వినిపించింది, ఇదే గోల. సన్నగా పెడితే ఎలా ఉంటాదో ఒక్కడూ చెప్పడు. వాడినవాళ్ళు ఉంటే చెప్పండి.

గుణుపురం_గుంటడు
ఇయర్‌బడ్స్ పెట్టీసుకోండి అక్కా. పదిహేను వందల్లో అయిపోతాది, అత్తగారికీ వినపడదు.

కిమిడి_శారద
పక్కకి తిరిగి పడుకుంటే చెవి నొప్పి తమ్ముడూ. బాబు ఏడిస్తే నాకు వినపడాలి కదా మరి.

బల్లార్షా_బాలు
జర పెద్దదే తీసుకోండి అక్కా, 40 వాట్లు 50 వాట్లు ఉన్నది. పెద్దది తక్కువ సౌండ్ల కూడ మంచిగ వస్తది, చిన్న డబ్బాలకు దమ్ముండది. మా బావ 60 వాట్లది తెచ్చిండు, మస్తుంది.

మంద్రస్థాయి
బాలు గారూ, ఈ వాట్ల లెక్క బెడ్రూంకి పనికిరాదండి. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మామూలు స్పీకరుకి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ (సౌండు ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) అటూ ఇటూగా వస్తుంది. అది ఇంట్లో కేకలేసి మాట్లాడుకునేంత సౌండు. శారద గారు రాత్రి వినేది 50, 55 దగ్గర ఉంటుంది. 10 డెసిబెల్స్ తగ్గిన ప్రతిసారీ వాట్లు పదో వంతుకి పడిపోతాయి, అంటే 85 నుంచి 55కి దిగితే వాటులో వెయ్యో వంతు చాలు. మధ్యలో మృదంగం దెబ్బలకి ఇంకో పది పదిహేను డెసిబెల్స్ పైకి లేచినా వాటులో ఇరవయ్యో వంతు దాటదు. మరి 40 వాట్లూ 60 వాట్లూ ఎక్కడికి పోతున్నట్టు? అట్ట మీద రాసుకోవడానికి.

అసలు సంగతి మన చెవిలో ఉంది. సౌండు తగ్గేకొద్దీ చెవికి అన్నీ సమానంగా తగ్గవు, కింది స్వరాలు ముందు మాయమైపోతాయి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు దీన్ని మనుషుల చెవుల మీద కొలిచి గీతలు గీశారు, తర్వాత ఇంకొందరు మళ్ళీ కొలిచి సరిదిద్దిన గీతలు అంతర్జాతీయ ప్రమాణం అయ్యాయి. ఆ ప్రమాణం ప్రకారం (హెర్ట్జ్ ఎంత తక్కువైతే స్వరం అంత కిందిది) 1000 హెర్ట్జ్ శబ్దం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ శబ్దం అంతే వినిపించాలంటే దగ్గరదగ్గర 64 డెసిబెల్స్ కావాలి. 24 తేడా! మృదంగం ఎడమవైపు వేసే గుమికి, వీణలో మంద్రం తీగ, తంబురా కింది షడ్జం, అన్నీ ఆ కింది మెట్లలోనే ఉంటాయి కాబట్టి ముందు అవే పోతాయి. మీ స్పీకరు పాడవ్వలేదండీ శారద గారూ, అది పలుకుతూనే ఉంటుంది, మన చెవి అందుకోవట్లేదు.

అందుకే పాత యాంప్లిఫయర్ల మీద "లౌడ్‌నెస్" అని ఓ బటన్ ఉండేది. చాలామంది అది సౌండు పెంచేదనుకుని నొక్కేవాళ్ళు. తక్కువ వాల్యూమ్‌లో వింటున్నప్పుడు కింది స్వరాల్ని కొంచెం లేపడానికి పెట్టింది అది. యమహా యాంప్లిఫయర్లలో ఎంత లేపాలో తిప్పుకోవడానికి విడిగా నాబ్ కూడా ఉండేది. ఇప్పటి స్పీకర్లలో అదే పని లోపలి చిప్పు చేస్తుంది, లేదా యాప్‌లో ఉంటుంది. సోనోస్ యాప్‌లో ఇప్పటికీ లౌడ్‌నెస్ అనే పేరుతోనే స్విచ్ ఉంది. కొనేముందు మీరు చూడాల్సింది వాట్లు కాదు, ఇది ఉందా లేదా అన్నది.

ధర్మాబాద్_దాదా
నేను ఒప్పుకోను సార్. విద్వాంసుడు ఎట్ల వాయించి రికార్డు చేసిండో అట్లనే వినాలె. బేస్ లేపుడు, ట్రెబుల్ గుంజుడు ఇదంత కల్తీ. ఈక్వలైజర్ ముట్టుకోవద్దు, మంచి స్పీకర్ కొంటే దానంతట అదే వస్తది.

మంద్రస్థాయి
దాదా గారూ, ఆ విద్వాంసుడు కచేరీ చేసినప్పుడు ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి 75, 80 డెసిబెల్స్‌లో వినిపించింది. అదే కచేరీని మీరు 50లో వింటున్నారు. తగ్గించినప్పుడే గుమికి సగం పోయింది కదా, కల్తీ అక్కడే జరిగిపోయింది. లౌడ్‌నెస్ పెట్టడం అంటే పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం. మీరు సౌండు పెంచి వినేటట్టయితే మాత్రం మీ మాటే కరెక్టు, అప్పుడు ముట్టుకోవక్కర్లేదు.

ధర్మాబాద్_దాదా
పెంచి వింటా సార్ నేను. పొలంల ఇల్లు మాది.

కోరాపుట్_కాఫీ
ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. బుస్సుమని శబ్దం. ఇది షాపులో తెలీదు, ఇంటికి తెచ్చాక రాత్రి తెలుస్తుంది.

మా కోరాపుట్ కొండల మీద చలికాలంలో ఫ్యాను వెయ్యం. తలుపులన్నీ మూసి దుప్పటి కప్పుకుంటే గోడ గడియారం ముల్లు కూడా వినిపిస్తుంది. అలాంటి గదిలో కరెంటు మీద నడిచే జత స్పీకర్లు తెచ్చి మంచం పక్క బల్ల మీద పెట్టాను, పేరున్న కంపెనీవే. పాట ఆపేసినా ట్వీటర్లోంచి (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) సన్నటి బుస, కుళాయి కొద్దిగా వదిలినట్టు. వాల్యూమ్ సున్నా చేసినా అదే బుస. పెంచినా తగ్గించినా మారని బుస అంటే అది చివరి యాంప్లిఫయర్ నుంచి వచ్చేదే, నాబ్ తిప్పితే పోదు. రెండు మీటర్లు దూరం జరిపితే వినపడదు గానీ బెడ్రూంలో అంత జాగా ఎక్కడిది.

కొనేముందు ఫోన్ కనెక్ట్ చేసి, ఏమీ ప్లే చెయ్యకుండా, చెవి ట్వీటరుకి జానెడు దూరంలో పెట్టి వినండి. అక్కడ గట్టిగా వినిపిస్తే దిండు దగ్గర కూడా వినిపిస్తుంది. బ్యాటరీ మీద నడిచే చిన్న స్పీకర్లలో చాలావాటికి పాట ఆగిన కొన్ని సెకన్లకి లోపల మ్యూట్ అయిపోయే ఏర్పాటు ఉంటుంది, వాటితో ఈ బాధ తక్కువ.

బరంపురం_పట్టు
బరంపురంలో ఎలక్ట్రానిక్స్ షాపులో పని చేస్తాను, రోజూ ఇవే అమ్ముతాను కాబట్టి చెప్తున్నా. కాఫీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కస్టమరు రాగానే మేము ఫుల్ వాల్యూమ్ పెట్టి చూపిస్తాం, ఎందుకంటే షాపులో ఫ్యాన్లు, టీవీలు, రోడ్డు మీద హారన్లు, ఆ గోలలో సన్నగా పెడితే ఏమీ తెలీదు. మీరు మొహమాటపడకుండా వెనక గొడౌన్‌లోకి పట్టికెళ్ళి వినిపించమని అడగండి. మంచి షాపువాళ్ళయితే కాదనరు.

అక్కడ ముందు మొదటి గీత మీద పెట్టి వినండి. కొన్ని స్పీకర్లకి మొదటి గీతే మాట్లాడుకునేంత సౌండు ఉంటుంది, శారద గారిది అదే రకం. ఆన్, ఆఫ్ చేసినప్పుడు వచ్చే అరుపు ఆపడానికి కుదురుతుందో లేదో అడగండి. బోస్ యాప్‌లో వాయిస్ ప్రాంప్ట్ ఆపే స్విచ్ ఉంది. కొన్ని కంపెనీలకి రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, కొన్నిటికి అసలు ఆగదు, అలాంటిది ఎంత బాగున్నా పిల్లలున్న ఇంటికి నేనైతే ఇవ్వను. లైట్లు కూడా చూడండి, ఈమధ్య రంగురంగుల లైట్లు తిరిగేవి ఎక్కువ వస్తున్నాయి, ఆర్పే వీలు లేకపోతే నల్ల టేపు అంటించుకోవాల్సిందే.

గుణుపురం_గుంటడు
శారదక్కా, మీ ఫోన్ ఏటి? ఆండ్రాయిడ్ అయితే కొత్తది కొనకముందు ఇది చెయ్యండి ఓసారి.

సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్‌లోకి ఎళ్ళి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు టకటకా నొక్కండి, డెవలపర్ ఆప్షన్స్ వచ్చీస్తాయి. అందులో "డిసేబుల్ అబ్సొల్యూట్ వాల్యూమ్" అని ఉంటాది, ఆన్ చేసి, బ్లూటూత్ తీసి మళ్ళీ కలపండి. మామూలుగా ఫోన్ వాల్యూమూ స్పీకర్ వాల్యూమూ ఒకటే అయిపోయి ఉంటాయి, ఇది పెడితే రెండూ విడిపోతాయి. అప్పుడు స్పీకరు మీద బటన్లతో బాగా తగ్గించీసి, ఫోన్‌లో మీకు కావలసినంత పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా 15 గీతలే, ఆ పదిహేనూ ఇప్పుడు సన్నటి సౌండులోనే దొరుకుతాయి.

శాంసంగ్ అయితే ఇంకా సుఖం, సౌండ్ అసిస్టెంట్ అని వాళ్ళదే యాప్ ఉంది, గీతకీ గీతకీ మధ్య ఎంత తేడా ఉండాలో అందులో మార్చుకోవచ్చు.

కిమిడి_శారద
@గుణుపురం_గుంటడు పనిచేసింది తమ్ముడూ!! శాంసంగే నాది. మొదటి గీత ఇప్పుడు నిజంగా సన్నగా ఉంది, అత్తయ్యగారి గదిలోకి ఎళ్ళి విన్నాను, ఏమీ లేదు. కానీ మంద్రస్థాయి గారు చెప్పిందే ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది, వీణ తీగ మీటిన టక్కు వినిపిస్తాది, ఆ తర్వాత నాదం లేదు. స్పీకరు మార్చాల్సిందే.

సిరొంచ_సీను
మార్చేటట్లయితే జత తీసుకోండి మేడం. ఒక్క స్పీకర్‌తోని సంగీతం ఏంది? ఎడమ కుడి వేరే వేరే ఉండాలె. ఒకటే మాడల్‌వి రెండు కొంటే ఈమధ్య చాలావాటికి స్టీరియోగ కలుపుకునే సదుపాయం ఉంటున్నది. మంచానికి అటొకటి ఇటొకటి. నేను అట్లనే పెట్టిన, కండ్లు మూసుకుంటే వయొలిన్ ఓ దిక్కు, ఘటం ఇంకో దిక్కు, నడిమిట్ల గొంతు, ఎదురుంగ కూసున్నట్టే ఉంటది.

కోరాపుట్_కాఫీ
సీను గారూ, వెల్లకిలా పడుకున్నంతసేపూ అది నిజమే. పక్కకి తిరిగితే ఒక చెవి దిండులో ఉంటుంది, ఇంక స్టీరియో ఎక్కడ. ఆవిడ పక్కకే తిరిగి పడుకుంటానని పైన చెప్పారు.

మంద్రస్థాయి
ఇంకొకటి, శారద గారు పాత సినిమా పాటలన్నారు. డెబ్బైల దాకా మన సినిమా పాటలు చాలావరకు మోనోలోనే రికార్డయ్యాయి, పాత రేడియో కచేరీలూ అంతే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రికార్డులు వినండి, ఎన్ని స్పీకర్లు పెట్టినా అందులో ఉన్నది ఒకటే. పది వేలు రెండు ముక్కలు చేసి రెండు చిన్నవి కొనేకంటే ఆ పది వేలకీ ఒక్క మంచిది కొనడమే మేలు అంటాను. కొత్త కచేరీ రికార్డింగులు ఎక్కువగా వినేవాళ్ళకి మాత్రం సీను గారి మాటే సరైనది.

సిరొంచ_సీను
మోనో పాట అయినా రెండిట్లకెళ్ళి వస్తే గదంత నిండుగ ఉంటది సార్. నా మాట నేను వదల.

బల్లార్షా_బాలు
మీరందరు నిశ్శబ్దం నిశ్శబ్దం అంటున్నరు, మా దిక్కు మే నెలల వచ్చి పడుకోండి ఒక్క రాత్రి. చంద్రాపూర్ జిల్లా, 45 దాటుతది ఎండ. కిటికీల పెద్ద కూలర్ పెట్టుకుంటేనే నిద్ర. ఆ హోరుల సన్నగ పాట వినుడు ఎట్ల? పెంచితే ఇంట్లోళ్ళు తిడతరు, తగ్గిస్తే కూలర్ పాట వినాలె.

రాయగడ_వైర్‌మన్
బాలూ, నీకూ శారదమ్మకీ ఒకటే మందు. స్పీకరు దగ్గరికి తెచ్చుకోవాలి.

దూరం సగం చేస్తే 6 డెసిబెల్స్ పెరుగుతాది. మూడు మీటర్ల దూరంలో బీరువా మీద ఉన్నది తెచ్చి చేతికందే దూరంలో, ముప్పావు మీటరులో పెట్టావనుకో, రెండుసార్లు సగం అయింది, 12 డెసిబెల్స్. గోడల మీంచి తిరిగొచ్చే సౌండు కూడా ఉంటాది కాబట్టి పూర్తిగా అంత తేడా రాదు గానీ చాలా వస్తాది. అంటే వాల్యూమ్ బాగా తగ్గించీసినా నీ చెవికి అంతే వినిపిస్తాది, పక్కగదిలోవాళ్ళకి మాత్రం నిజంగానే తగ్గిపోతాది. కూలరున్నా అంతే, కూలరు దూరంగా ఉంటాది, పాట దగ్గరగా ఉంటాది. ఖర్చు లేని పని, ముందు ఇది చెయ్యండి, తర్వాత స్పీకర్లు కొందురు గాని.

ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. ఇనప బీరువా మీద పెట్టొద్దు. వైరింగ్ పనికని ఎన్నో ఇళ్ళకి ఎళ్తాను, బీరువా మీద స్పీకరు, పక్కన గాజుల స్టాండు, పాటలో ఏదో ఒక స్వరం రాగానే గాజులన్నీ చిరచిరమంటాయి, ఇంటాయన స్పీకరు చిరిగిపోయింది అంటాడు. అత్తగారి గదికీ మీ గదికీ మధ్య ఉన్న గోడకి కొట్టిన అరమీద కూడా పెట్టొద్దు, గోడే స్పీకరైపోతాది. మంచం పక్కన బల్ల, దాని మీద మడతపెట్టిన తువ్వాలు, ఆ పైన స్పీకరు. స్పీకరు ముందువైపు మీ మొహం వైపు తిరిగి ఉండాలి. చాలామంది పైకప్పుకి వినిపిస్తారు.

కిమిడి_శారద
బీరువా మీదే ఉంది నాది, కిటికీ వైపు తిరిగి 😀 ఇప్పుడే దించుతాను.

హైరెస్_హరి
ఇంత చర్చలో కోడెక్ గురించి, అంటే బ్లూటూత్ మీద పాటని కుదించి పంపే పద్ధతి గురించి, ఒక్కరు మాట్లాడలేదు. ఎస్‌బీసీ అనే మామూలు కోడెక్ అంటే సెకనుకి 328 కిలోబిట్లు, ఎల్‌డాక్ అనేది 990 దాకా పోతుంది. మూడు రెట్లు. ఎల్‌డాక్ లేని స్పీకరు కొనడం దండగ.

మంద్రస్థాయి
హరి గారూ, మంచి హెడ్‌ఫోను పెట్టుకుని శ్రద్ధగా వింటే తేడా ఉందనే వాళ్ళతో నేను తగువు పెట్టుకోను. ఫ్యాను తిరుగుతున్న గదిలో, 50 డెసిబెల్స్‌లో, మూడంగుళాల స్పీకరులో, నిద్రమత్తులో 328కీ 990కీ తేడా పట్టుకోవడం కష్టం. పైగా సిగ్నల్ అంచున ఉన్నప్పుడు ఎల్‌డాక్ ముందు తడబడుతుంది. డబ్బులు అక్కడ పెట్టొద్దు.

హైరెస్_హరి
నాకు తెలుస్తుంది సార్ తేడా.

గుణుపురం_గుంటడు
హరన్నా, ఫ్రీ యాప్‌లో వింటూ ఎల్‌డాక్ అంటే ఎలాగ. అర్ధరాత్రి వీణ మధ్యలో సిమెంటు యాడ్ వచ్చి ఇల్లంతా లేచిపోతాది, ముందు దాని సంగతి చూడు.

హైరెస్_హరి
డబ్బులు కట్టే వింటాను తమ్ముడూ. యాడ్ విషయం మాత్రం కరెక్టే, రాత్రికి డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళు బెస్టు. యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ కూడా పెట్టుకోండి శారద గారూ, ఒక పాట గట్టిగా ఒక పాట నెమ్మదిగా రాకుండా ఉంటుంది. స్లీప్ టైమరు కూడా.

ధర్మాబాద్_దాదా
మా తమ్ముని ఇంట్ల అలెక్సా ఉన్నది. నోటితోనే తగ్గించొచ్చు పెంచొచ్చు, వాల్యూం ఒకటి అంటే చాలా సన్నగ పాడుతది, ఎనిమిదిన్నరకి బంద్ కావాలె అంటే అయితది. వైఫై కాబట్టి ఫోన్ వస్తే పాట ఆగది. అది తీసుకోరాదు?

కోరాపుట్_కాఫీ
మన దేశంలో దానికి హిందీ, ఇంగ్లీషు వచ్చు, తెలుగులో చెప్తే పలకదు. పక్కన బాబు పడుకుని ఉంటే దాన్ని పిలవడానికి నోరెత్తడం కూడా ఇబ్బందే. ఇంకోటి, అది కరెంటు, వైఫై మీద బతికే వస్తువు. మా వైపు వాన పడిందంటే ముందు కరెంటు పోతుంది, దాంతో రూటరు పోతుంది, ఇంక అది బల్ల మీద బంతి. కరెంటు, నెట్టు రెండూ స్థిరంగా ఉండే ఊరికైతే నేనూ అదే చెప్పేవాణ్ణి.

బరంపురం_పట్టు
పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లావాళ్ళకి బ్యాటరీ లేనిది నేను చెప్పనే చెప్పను. 2018 తిత్లీ తుఫానప్పుడు ఆ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, తెలుసు కదా. మా చుట్టాలకి అప్పుడు లోకంతో ఉన్న సంబంధమల్లా ఓ బ్యాటరీ రేడియో. ఎఫ్ఎం కూడా ఉన్న స్పీకరైతే ఇంకా మంచిది.

పెద్దవాళ్ళకి కొనేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి వేరే మాట. ఫోనుతో కలపడం వాళ్ళకి పెద్ద పని, వాళ్ళకి సరిగమ కారవాన్ లాంటివి నయం, పాటలు లోపలే ఉంటాయి, నాబ్ తిప్పితే పాడుతుంది.

మంద్రస్థాయి
శారద గారూ, ఇప్పటిదాకా అందరూ చెప్పింది కలిపి చూస్తే మీకు నా ఓటు బ్యాటరీతో నడిచే నడిమి సైజు స్పీకరుకే, నీళ్ళ సీసా సైజుకి కాస్త పెద్దది. ఆ రకం వాటిలో చాలావాటికి లోపలి చిప్పు తక్కువ వాల్యూమ్‌లో బేస్ లేపి, పెంచుతున్నకొద్దీ దింపేస్తుంది. పార్టీవాళ్ళు అందుకే "ఫుల్ పెడితే బేస్ పోయింది" అని తిడతారు. మనకి కావాల్సింది అదే గుణం.

ఎడిఫైయర్ ఆర్1280డీబీ లాంటి జత స్పీకర్లు మీ బడ్జెట్ చుట్టుపక్కలే దొరుకుతాయి, పక్కనే బేస్, ట్రెబుల్ నాబ్‌లు ఉంటాయి, నాకు చాలా ఇష్టం. కానీ కరెంటు ఉండాలి, రెండు పెట్టెల మధ్య వైరు తప్పదు. మీరు వైర్లు వద్దన్నారు కాబట్టి వదిలేశాను.

యాప్‌లో ఈక్వలైజర్ ఉండాలి. 100 నుంచి 150 హెర్ట్జ్ దగ్గర నాలుగు నుంచి ఆరు డెసిబెల్స్ లేపండి, అంతకంటే కింద 50, 60 హెర్ట్జ్ దగ్గర ముట్టుకోకండి. బాగా కింది స్వరాలే గోడలు దాటి పోతాయి, అత్తగారికి పాట వినిపించకపోయినా ఢమఢమ వినిపిస్తుంది. పగలు గట్టిగా పెట్టేటప్పుడు ఆ లేపింది దించెయ్యండి, చిన్న స్పీకరు తట్టుకోలేదు.

కిమిడి_శారద
నిన్న మా ఆయనకి బరంపురంలో పని పడితే నేనూ ఎళ్ళాను. @బరంపురం_పట్టు మీ షాపో కాదో తెలీదు, గొడౌన్‌లోకి తీసుకెళ్ళమంటే ముందు నవ్వారు, తర్వాత వాళ్ళే తలుపేసి వినిపించారు. ఫోనులో వీణ పాట ఒకటి డౌన్‌లోడ్ చేసి పట్టికెళ్ళాను, మూడిట్లోనూ అదే వేసి విన్నాను.

మొదటిది అందంగా ఉంది, లైట్లు తిరుగుతున్నాయి, మొదటి గీతే గట్టిగా ఉంది. రెండోది సన్నగా వచ్చింది గానీ ఆన్ చేస్తే టింగుమని గంట, ఆపే దారి లేదన్నారు. మూడోది జేబీఎల్‌ది, నడిమి సైజుది. మొదటి గీత మీద పెట్టి మోచేతి దూరంలో కూర్చుంటే వీణ మీటిన తర్వాత ఆ నాదం సాగి సాగి తర్వాతి మీటు వరకు వచ్చింది. ఏమీ ప్లే చెయ్యకుండా చెవి పెట్టి విన్నాను, బుస లేదు. చప్పుడు ఆపే ఆప్షను యాప్‌లో చూపించారు. రేటు మాత్రం బడ్జెట్ చివరికొచ్చింది. ఆన్‌లైన్‌లో కొంచెం తక్కువుంది, కానీ మా పిన్‌కోడ్‌కి డెలివరీ లేదంటోంది.

గుణుపురం_గుంటడు
పాతపట్నంలో ఎవరూ లేరా అక్కా? అక్కడి పిన్‌కోడ్ ఇచ్చీయండి, పక్కనే కదా. మా ఇంట్లో సగం సామాన్లు అలాగే వస్తాయి.

బరంపురం_పట్టు
తేడా ఐదారు వందలే అయితే షాపులోనే తీసుకోండి. షాపువాణ్ణని అనట్లేదు. చార్జింగ్ పిన్ను లూజైనా బ్యాటరీ దిగిపోయినా సర్వీసు సెంటరుకి మీరే పార్సిల్ కట్టి పంపాలి, షాపులో కొంటే ఆ తిరుగుడు కొంత వాళ్ళు పడతారు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. రోజంతా చార్జింగ్‌లోనే పెట్టి ఉంచకండి, బ్యాటరీ తొందరగా నీరసపడుతుంది.

కిమిడి_శారద
తేడా నాలుగు వందలండీ. అయితే షాపులోనే తీసుకుంటాను, మా ఆయన మళ్ళీ అటు ఎళ్ళినప్పుడు తెమ్మంటాను.

సిరొంచ_సీను
జీతం వచ్చినంక రెండోది తెచ్చి జత చెయ్యండి మేడం 🙂

బల్లార్షా_బాలు
వైర్‌మన్ అన్నా, నువ్వు చెప్పినట్టు దిండు పక్కన స్టూలు వేసి పెట్టిన, కూలర్ నడుస్తున్నా పాట వినిపిస్తున్నది, వాల్యూం సగానికంటే కిందనే. కానీ ఒక్కటి చెప్పు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి పోంగనే స్పీకర్ల జుమ్మని ఒకటే మోత. చార్జర్ పెట్టి ఉన్నప్పుడే వస్తున్నది. స్పీకర్ ఖరాబైందా?

రాయగడ_వైర్‌మన్
స్పీకరుకేం కాలేదు. నీ ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌ది అయ్యుంటాది. లైన్‌లో వచ్చే కరెంటు మెత్తగా అలలాగ పోతాది, చవక ఇన్వర్టరు దాన్ని మెట్లుమెట్లుగా కోసి ఇస్తాది, ఆ కోత చార్జరు ద్వారా స్పీకరులోకి ఎళ్ళి జుమ్ముమంటాది. ఫ్యాను కూడా అప్పుడు గుర్రుమంటుందా లేదా చూడు, అన్నాదంటే అదే. ఇన్వర్టరు మీద ప్యూర్ సైన్ వేవ్ అని రాసి ఉంటే ఈ గోల దాదాపు ఉండదు, ఈసారి మార్చేటప్పుడు అది చూసి తీసుకో. అందాకా కరెంటు పోగానే చార్జరు పిన్ను పీకీసి బ్యాటరీ మీద విను. ఆక్స్ వైరు పెట్టి లాప్‌టాప్ నుంచి వింటుంటే లాప్‌టాప్ చార్జరు కూడా పీకాలి, అటునుంచి కూడా వస్తాది.

బల్లార్షా_బాలు
అవునన్నా, ఫ్యాన్ గుర్రుమంటది. చార్జర్ పీకంగనే మోత బంద్ అయింది.